పురానాపూల్... నెత్తిన కూరగాయల సంత!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగేవారికి మూసీ అంటే ముందుగా గుర్తొచ్చేది ముక్కు మూసుకోవడమే. అదే నది వెంట కాస్త ఎగువకు వెళ్తే హైదరాబాద్ కన్నా పెద్ద వయసున్న వంతెన కనిపిస్తుంది. అదే పురానాపూల్.

నగరానికి పునాది పడింది 1591లో. అంతకు 13 ఏళ్ల ముందే, 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఈ వంతెనను కట్టించాడు. 22 రాతి కమానులు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. భాగమతి కోసం కొడుకు మహమ్మద్ కులీ వరదలో గుర్రాన్ని దూకించాడనీ, తండ్రి హడలిపోయి వంతెన వేయించాడనీ ఓ కథ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రాకుమారుడు పుట్టింది 1565 ప్రాంతంలో... వంతెన పూర్తయ్యేనాటికి అతడికి పదమూడేళ్లు! 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ మాత్రం దీన్ని చూసి ముచ్చటపడ్డాడు. అందంలో పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని రాసుకున్నాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడి వేలమందిని పొట్టనపెట్టుకుంది. దిగువనున్న వంతెనలు కొట్టుకుపోయినా ఈ ముసలి వంతెన నిలబడింది.

వానకు చెక్క కుళ్లిపోకుండా అమెరికాలో ఒకప్పుడు వంతెనలకు ఇళ్లలా పైకప్పులు వేసేవారు. బరువు మోయలేని వయసొచ్చాక వాటిలో కొన్నింటిని పార్కుల్లో కలిపి, నడిచేవారికి వదిలేశారు. రాతి పురానాపూల్‌కు కప్పుతో పనిలేదు. అయినా వచ్చింది... టార్పాలిన్ పట్టాల రూపంలో! పక్కన కొత్త వంతెన కట్టాక బళ్లన్నీ అటు మళ్లాయి. పాతది కూరగాయల గంపలకు మిగిలింది.

మూసీ సుందరీకరణ మాట వచ్చినప్పుడల్లా పార్కులు, నడకదారుల ముచ్చట్లు వినిపిస్తాయి. వాటిలో పురానాపూల్‌కు చోటు దక్కాల్సిందే. అలాగని గేటు బిగించి టికెట్టు పెడితే అమ్ముకునేవారి పొట్టకొట్టినట్టే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1345 నాటి పాంటె వెక్కియో మీద ఇప్పటికీ దుకాణాలున్నాయి. కాకపోతే అక్కడ 1593లో మాంసం కొట్లను వెళ్లగొట్టి బంగారం కొట్లకు చోటిచ్చారు. ఆ సంబరం మనకొద్దు, టమాటాలే ఉండనిద్దాం! గంపలకు ఒక వరుస, నడిచేవారికి ఒక వరుస, చెత్త నదిలో పడకుండా ఏర్పాటు, రాళ్ల సందుల్లో మొలిచే మొక్కలను వేళ్లతో సహా తీసే మనిషి... ఈమాత్రం చేసినా వంతెనకు ఊపిరి అందుతుంది.

అసలు చిక్కు కింద ఉంది. పైన రాళ్లు కడిగి, కింద మురుగును అలాగే వదిలేస్తే అక్కడ కూర్చునేదెవరు? పైగా అది అక్కడితో ఆగేదీ కాదు. పురానాపూల్ కింది నీరే సూర్యాపేట దగ్గర సోలిపేటలో మూసీ ప్రాజెక్టుకు చేరి, కాలువల్లో పడి వరి పొలాలకు పారుతుంది. మిగిలింది మిర్యాలగూడ దాటాక వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.