ఇంజనులో టిక్‌టిక్ చప్పుడా? అశ్రద్ధ చెయ్యకండి!

కుట్టుమిషను బరువుగా తిరిగితే నాలుగు చుక్కలు నూనె వేస్తాం. గ్రైండరు చప్పుడు మారితే పక్కగదిలోంచే పసిగడతాం. మరి లక్షలు పోసి కొన్న కారు సంగతి మగవాళ్ళకే ఎందుకు వదిలెయ్యాలి? మా కోనసీమలో ఎన్నో ఇళ్ళల్లో ఇంటాయన కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. కారు బాధ్యత ఆడవాళ్ళదే కదండీ! అందుకే ఇంజనులో కామ్‌షాఫ్ట్ గురించి కాస్త తెలుసుకుందాం.

ఏమిటీ కామ్‌షాఫ్ట్?

ఇదొక ఇనప కడ్డీ. దానిమీద కోడిగుడ్డు ఆకారంలో బొడిపెలుంటాయి. కడ్డీ తిరుగుతుంటే బొడిపె మొన వాల్వును తెరుస్తుంది. మొన దాటగానే స్ప్రింగు మూసేస్తుంది. గాలి లోపలికి రావాలన్నా, పొగ బయటికి పోవాలన్నా ఈ వాల్వులే దారి. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ 1,000 చుట్లు తిరుగుతుంది. అంత రాపిడికీ అడ్డుగా ఉండేది పల్చటి నూనె పొర ఒక్కటే!

ఎందుకు అరుగుతుంది?

* ఆయిల్ తగ్గిపోవడం, వేళకు మార్చకపోవడం ముఖ్య కారణం. మళ్ళీ మళ్ళీ కాచిన వేపుళ్ళ నూనె నల్లగా, జిగటగా అయిపోదూ? ఇదీ అంతే.
* ఆగి ఉన్న బండిలో ఆయిల్ కిందికి జారిపోతుంది. స్టార్టు చేశాక పైకి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా ఎక్సలేటరు గట్టిగా తొక్కకూడదు.
* ఎప్పుడూ చిన్న ప్రయాణాలే అయితే ఇంజను బాగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆరదు. వారానికోసారైనా ఓ అరగంట నడిపించండి.
* 2022 జూలై గోదావరి వరద మనకు గుర్తే. నీళ్ళలో మునిగిన బండిని మెకానిక్ చూడకుండా స్టార్టు చెయ్యకండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయన్నమాట.

గుర్తుపట్టడం ఎలా?

ఇంజను పైభాగంలో టిక్‌టిక్ మని చప్పుడు, వేగం పెంచితే అదీ జోరందుకోవడం, యెదుర్లంక వంతెన ఎక్కేటప్పుడు బండి లాగలేకపోవడం, నిలబెట్టినప్పుడు వణకడం, మైలేజీ పడిపోవడం, మార్చిన ఆయిల్‌లో ఇనప రజను మెరవడం.

అయితే ప్రతి టిక్‌టిక్కూ కామ్‌షాఫ్ట్ అరుగుదల కాదు. ఆయిల్ తగ్గినా, టాపెట్లు వదులైనా అదే చప్పుడొస్తుంది. కాబట్టి ముందు ఆయిల్, తర్వాత టాపెట్లు చూడమనండి. కామ్‌షాఫ్టే మార్చాలంటే, అరిగిన బొడిపె చూపించమని అడగండి. దాంతో రాసుకునే భాగాలు కూడా చూడమనండి. అవి అరిగి ఉంటే కొత్తదీ త్వరగా పాడవుతుంది.

మనం చెయ్యగలిగింది

నెలకు రెండుసార్లు, చదునైన చోట ఇంజను ఆపి, పది నిమిషాలాగి, ఆయిల్ కడ్డీ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అప్పుడు ఆయిల్ మార్చాలి. మీ బండి పుస్తకంలో ఎంతుందో చూసుకోండి. దారిలో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే మాత్రం 'ఇంటికెళ్ళాక చూద్దాంలే' అనుకోకుండా, పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపెయ్యండి. ఆయిల్ ఖర్చు వందల్లో, వేలల్లో పోతుంది. ఇంజను విప్పితే ఆ ఖర్చుకి అంతుండదు!