స్ట్రెచర్ నెట్టే కొలువుకు రాత పరీక్షా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దవాఖానల్లో ఏ టెస్ట్ పనికొస్తుంది?

జిల్లా దవాఖానలో ఔట్‌సోర్సింగ్ పోస్టులు పడ్డాయని తెలిస్తే చాలు.. జిరాక్స్ సెంటర్ల దగ్గర క్యూ కడతారు. పేషెంట్ కేర్, శానిటేషన్, సెక్యూరిటీ.. పోస్టు పేరు ఏదైనా పోటీ మాత్రం గట్టిగానే ఉంటుంది. మరి ఇంతమందిలో ఎవరిని తీసుకోవాలి? రాత పరీక్ష పెట్టాలా? పదో తరగతి మార్కులు చూడాలా? లేక పని చేయించి చూడాలా?

ఈ మూడు జిల్లాల్లోనే ఎందుకీ చర్చ?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. ఈ మూడూ 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలయ్యాయి. మహబూబాబాద్ మెడికల్ కాలేజీ 2022 నవంబర్ 15న మొదలైంది. జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023 సెప్టెంబర్ 15న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. కాలేజీ వచ్చిందంటే దవాఖాన బోధనాసుపత్రి అవుతుంది. డాక్టర్లు, నర్సులతో పాటు స్ట్రెచర్ నెట్టేవాళ్లు, వార్డు ఊడ్చేవాళ్లు, శాంపిల్స్ మోసేవాళ్లు కూడా కావాలి. వీళ్లు లేకపోతే ఆపరేషన్ థియేటర్ ఒక్కపూట కూడా నడవదు.

ఇప్పుడు ఎలా తీసుకుంటున్నారు?

అన్ని పోస్టులకూ ఒకటే పద్ధతి లేదు. రెగ్యులర్ టెక్నికల్ పోస్టులను మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు 2024 నవంబర్ 10న కంప్యూటర్ పరీక్ష పెట్టింది. అందులో పరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వ దవాఖానల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ కింద పనిచేసిన అనుభవానికి 20 మార్కులు. గిరిజన ప్రాంతంలో చేస్తే ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2 మార్కుల చొప్పున కలుస్తాయి.

ల్యాబ్ టెక్నీషియన్‌కు ఇది సబబే. రక్తం గ్రూపు, రీడింగ్, రీఏజెంట్.. ఇవన్నీ చదివి నేర్చుకోవాల్సినవి. సబ్జెక్ట్ తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోకూడదు.

కానీ వార్డ్ బాయ్, ఆయా, శానిటేషన్ వర్కర్ల సంగతి వేరు. ఇక్కడ ఎక్కువగా ఏజెన్సీలే మనుషుల్ని పెడతాయి. పరీక్ష ఉండదు. పద్ధతి అంటూ లేనిచోట పైరవీ చొరబడుతుంది. "ఇంత ఇస్తే పోస్టు ఖాయం" అనే దళారులకు అదే అదను. అందుకే "ఏదో ఒక పరీక్ష పెట్టండి" అని నిరుద్యోగులే అడుగుతుంటారు. ఆ కోరికలో న్యాయం ఉంది.

రాత పరీక్షతో చిక్కేంటి?

ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టారనుకుందాం. "గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు.." లాంటి ప్రశ్నలు వస్తాయి. కోచింగ్ తీసుకున్న డిగ్రీ కుర్రాడు టకటకా పెట్టేస్తాడు. పదేళ్లుగా ప్రసూతి వార్డులో పనిచేస్తున్న పదో తరగతి ఆయా వెనకబడుతుంది. కానీ రాత్రి రెండింటికి బాలింతను బెడ్ మీద నుంచి స్ట్రెచర్ మీదికి జాగ్రత్తగా మార్చగలిగేది ఆమే. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మహిళల్లో అక్షరాస్యత 58 శాతం దగ్గరే ఉంది. పేపర్ పరీక్ష మొదట గేటు బయట నిలబెట్టేది వీళ్లనే.

ఇంకో మాట. గూడూరు, కొత్తగూడ, గంగారం తండాల నుంచి, పలిమెల, మహాముత్తారం గూడేల నుంచి వచ్చే పేషెంట్లలో లంబాడీ, కోయ మాట్లాడేవాళ్లుంటారు. వాళ్ల భాషలో "ఎక్కడ నొప్పి?" అని అడగగలిగే మనిషి వార్డుకు ఎంత బలమో ఏ ఓఎంఆర్ షీట్ చెప్పలేదు.

అమెరికా సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఇదే పంచాయితీ అమెరికాలో 1971లోనే తేలింది. డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ మంచి జీతమున్న విభాగాల్లోకి రావాలంటే హైస్కూల్ సర్టిఫికెట్, ఆప్టిట్యూడ్ టెస్టులు తప్పనిసరి చేసింది. కూలి పనికే పరిమితమైన నల్లజాతి కార్మికులు కోర్టుకెక్కారు. ఆ పనికి సంబంధం లేని పరీక్షతో మనుషుల్ని వడపోయడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. టెస్ట్ కొలవాల్సింది ఆ పని చేయగల సత్తాను అన్నది దాని సారాంశం.

పరిశోధనలూ ఇదే వైపు చూపిస్తున్నాయి. ఎవరు బాగా పనిచేస్తారో ముందే చెప్పడంలో ఏ పద్ధతి మెరుగని పాల్ శాకెట్ బృందం 2022లో పాత లెక్కలన్నీ తిరగేసింది. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలతతో చేసే ఇంటర్వ్యూ మొదట నిలిచింది. పనికి సంబంధించిన జ్ఞానం, పని చేయించి చూసే పరీక్ష.. ఈ రెండూ సాధారణ తెలివితేటల పరీక్ష కంటే పైనే ఉన్నాయి.

మరి ఎలాంటి టెస్ట్ పెట్టాలి?

పని చేయించి చూడాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు.

- బెడ్ మీది మనిషిని వీల్‌చైర్‌లోకి మార్చమనాలి. ముందు బ్రేక్ వేశాడా లేదా చూడాలి.
- సబ్బుతో చేతులు కడగమనాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 40 నుంచి 60 సెకన్లు పట్టాలి.
- చెత్త వేరు చేయమనాలి. రక్తం అంటిన దూది పసుపు, వాడిన గ్లౌజులు ఎరుపు, సూదులు తెలుపు, పగిలిన గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి.
- 5 శాతం బ్లీచ్ ద్రావణాన్ని 1 శాతం చేయమనాలి. లీటరుకు నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే పాస్. రైలు లెక్క కంటే ఈ లెక్కే వార్డులో అక్కరకొస్తుంది.
- పేషెంట్ పేరు, నంబర్ చదివి సరైన శాంపిల్ తీయమనాలి.

నాలుగు టేబుళ్లు వేస్తే వంద మందికి నాలుగు గంటల పైచిలుకులో అయిపోతుంది. ఇద్దరు పరిశీలకులు, ముందే ప్రింట్ చేసిన మార్కుల షీట్, వీడియో రికార్డింగ్ ఉంటే పైరవీకి సందు తగ్గుతుంది.

దీనికి దారి ఇప్పటికే ఉంది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. అయితే స్కిల్ టెస్ట్ పెట్టుకోవచ్చని, అది పాస్ లేదా ఫెయిల్ వరకే ఉండాలని చెప్పింది. ఇక్కడా అదే చేయొచ్చు. పని పరీక్ష పాసైనవాళ్లలో పదో తరగతి మార్కులు, అనుభవం, రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం లిస్ట్ వేస్తే ఎవరికీ వేలెత్తి చూపే అవకాశం ఉండదు.

హెల్త్ చెకప్ సంగతేంటి?

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ టెస్ట్ షరతుగా పెట్టడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషేధం. 2018 సెప్టెంబర్ 10 నుంచి ఇది అమల్లో ఉంది.

మరోవైపు 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ చెత్త ముట్టే సిబ్బందికి చేరేటప్పుడు, ఆ తర్వాత ఏటా ఆరోగ్య పరీక్ష చేయించాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, గ్లౌజులు, శిక్షణ ఇవ్వాలి. ఇవి మనిషిని తీసేయడానికి కాదు, కాపాడటానికి. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్-బి సోకే ముప్పే చాలా ఎక్కువ. దానికి మూడు డోసుల టీకా ఉంది.

అభ్యర్థులు గుర్తుంచుకోవాల్సింది

దరఖాస్తు చేసేముందు ఎంపిక పద్ధతి నోటిఫికేషన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చేరిన రోజే టీకా, శిక్షణ ఎప్పుడిస్తారో ఏజెన్సీని అడగాలి. అది హక్కు. పోస్టు ఇప్పిస్తామని డబ్బులడిగితే ఇవ్వొద్దు, పోలీసులకు చెప్పాలి.

స్క్రీనింగ్ టెస్ట్ వద్దనడం పరిష్కారం కాదు. టెస్ట్ లేకపోతే పైరవీ గెలుస్తుంది, తప్పు టెస్ట్ పెడితే కోచింగ్ గెలుస్తుంది. పని పరీక్ష పెడితేనే పేషెంట్‌కు పనికొచ్చే మనిషి వార్డులోకి వస్తారు.