కుక్కపిల్లకు విరేచనాలు పట్టుకుంటే: ఇంట్లో చేసేదేమిటి, బండి తీయాల్సింది ఎప్పుడు



ఈసారి కషాయం గురించీ కాదు, విత్తనం గురించీ కాదు. ఇంట్లో తిరిగే కుక్కపిల్ల గురించి. ఆవుకో, దూడకో పారుడు పట్టుకుంటే ఏం చేయాలో మనలో చాలామందికి అంతో ఇంతో తెలుసు. రెండు మూడు నెలల కుక్కపిల్ల నీళ్లలాగా వెళ్తుంటే మాత్రం ఒకరు వాము నీళ్లంటారు, ఇంకొకరు దానిమ్మ తొక్కంటారు, ఇంకొకరు "అదే తగ్గిపోతుందిలే" అంటారు. నిజంగానే చాలాసార్లు అదే తగ్గిపోతుంది. కొన్నిసార్లు రెండు రోజుల్లో పిల్ల చచ్చిపోతుంది. ఈ రెండింటికీ తేడా మొదటి రోజే పట్టుకోవాలి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. పోయిన ఏడాది ఒకే ఈతలో పుట్టిన రెండు నాటు కుక్కపిల్లలు వచ్చాయి. ఒకటి మేము ఉంచుకున్నాం, ఇంకొకటి పక్క ఊళ్లో మా బావగారు తీసుకున్నారు. పది వారాల పిల్లలు. వారం తిరక్కముందే రెండింటికీ విరేచనాలు మొదలయ్యాయి. మాది మెత్తగా, ఆవపిండి ముద్దలాగా రోజుకు నాలుగైదు సార్లు వెళ్లేది. అయినా చెప్పులు కొరుకుతూనే ఉంది, గిన్నె చప్పుడైతే పరుగెత్తుకొచ్చేది. బావగారి పిల్ల మొదట తిండి మానేసింది. తర్వాత నురుగు వాంతులు. మర్నాటికి రక్తం కలిసిన నీళ్ల విరేచనం, ఆ కంపు వాకిట్లోకి కూడా కొట్టేది. దానికి రెండు రోజులు కషాయాలు తాగించారు. మూడో రోజు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు చూడగానే పార్వో అన్నారు. సెలైన్ పెట్టారు గానీ దక్కలేదు.

అందుకే మందులకన్నా ముందు పిల్లను చూడటం నేర్చుకోవాలి. వీడియోలో ఇదే నిదానంగా చూపించాను. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే మళ్లీ రంగు రావాలి. చిగుళ్లు జిగటగా ఎండిపోయి ఉన్నా, పాలిపోయి ఉన్నా ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని అర్థం. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి, గుడారంలాగా నిలబడిపోకూడదు. థర్మామీటరు ఉంటే మలద్వారంలో పెట్టి చూడండి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకు జ్వరం అనిపించే అంకె దానికి మామూలు. అందుకే ఒళ్లు వేడిగా ఉందని కంగారుపడి జ్వరం బిళ్ల వేయొద్దు. మన పారాసిటమాల్, నొప్పుల బిళ్లలు కుక్కలకు ప్రమాదం. మనం వాడే విరేచనాలు ఆపే బిళ్ల కూడా సొంతంగా వేయొద్దు.

పిల్ల హుషారుగా ఉండి, వాంతులు లేకుండా, రక్తం పడకుండా ఉంటే ఒక రోజు ఇంట్లో చూడొచ్చు. మేము చేసిందీ అదే.

మొదట పాలు ఆపేశాం. దీని మీద మా అమ్మతో పెద్ద గొడవే అయింది. "పసిదిరా అది, పాలు తాగకపోతే ఎట్లా బతుకుతుంది?" అంటుంది. మా గేదె పాలు చిక్కన. తల్లిపాలు మరిచిన కుక్కపిల్ల కడుపులో పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గుతూ వస్తుంది. అరగని చక్కెర పేగుల్లోకి నీళ్లను లాగుతుంది, అక్కడే పులుస్తుంది, గ్యాసూ విరేచనమూ పట్టుకుంటాయి. "అమ్మా, దాని తల్లి గేదె కాదు కదా" అన్నాను. నవ్వింది గానీ, మర్నాడు కూడా గ్లాసు పట్టుకునే తిరిగింది. చిలికి వెన్న తీసిన పలచటి మజ్జిగ అయితే కొంచెం పరవాలేదు, అందులో పాల చక్కెర తక్కువ. అదీ విరేచనాలు తగ్గాకే.

రెండోది గంజి. గుప్పెడు బియ్యం లీటరు నీళ్లలో వేసి మెతుకు పగిలేదాకా ఉడికించి, చిటికెడు ఉప్పు వేసి వార్చాను. నాలుగు కిలోల పిల్లకు అరగంటకోసారి రెండు మూడు చెంచాలు గిన్నెలో పోసి ముందు పెట్టాం. నాకితే నాకింది, లేకపోతే లేదు. నోరు తెరిచి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే విరేచనాలకన్నా పెద్ద ముప్పు. గంజి లేకపోతే మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపండి. చిక్కగా కలిపితే మేలు బదులు కీడు.

కడుపు మాడిస్తే తగ్గుతుందనే మాట ఊళ్లలో బాగా ఉంది. పెద్ద కుక్కను ఒక పూట పస్తు ఉంచితే తట్టుకుంటుంది. చిన్న పిల్లకు రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, మగత, ఫిట్స్ వస్తాయి. కాబట్టి వాంతులు లేకపోతే తిండి ఆపొద్దు. మెత్తగా ఉడికిన అన్నం రెండు వంతులు, తోలూ ఎముకా లేని ఉడికించిన కోడి మాంసం ఒక వంతు, రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెం. నూనె, కారం, మసాలా ఏదీ వద్దు. మాంసం వండని ఇంట్లో ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. ఉడికించిన తియ్య గుమ్మడి ముద్ద ఒక చెంచా కలిపితే మలం గట్టిపడుతుంది. మలం బాగుపడ్డాక కూడా రెండు రోజులు ఇదే పెట్టి, తర్వాత వారం రోజుల్లో మెల్లగా పాత తిండికి తీసుకురావాలి. పిల్లను కొత్తగా తెచ్చుకున్నప్పుడూ ఇంతే. పాత ఇంట్లో ఏం తినేదో అడిగి, మొదటి కొన్ని రోజులు అదే పెట్టండి.

వెల్లుల్లి తినిపిస్తే పురుగులు పడిపోతాయని చెప్పేవాళ్లు మనలోనే ఎక్కువ. పడవు. పైగా ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. రసాయనం లేకుండా పంట తీసేవాడికి మందు బిళ్ల అంటే చేయి వెనక్కి పోతుంది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఏలికపాములు కుక్కపిల్లకు తల్లి కడుపులోనే వస్తాయి, పాల ద్వారా కూడా వస్తాయి. అంటే ఎంత శుభ్రంగా పెంచినా పిల్లలో పురుగులున్నాయనే అనుకోవాలి. రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి ఎనిమిది వారాలదాకా, తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి నట్టల మందు వేయించాలి. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. గొర్రెలకు తెచ్చిన మందును కళ్లతో కొలిచి పోయొద్దు. మా పిల్ల మలం చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్తే మైక్రోస్కోపులో చూసి గుడ్లున్నాయన్నారు. బరువు తూచి మందు ఇచ్చారు, మూడో రోజుకు మలం గట్టిపడింది.

ఇక మన పొలాల్లో మాత్రమే ఉండే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. పట్నం కుక్కల గురించి చెప్పేవాళ్లు వీటిని చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ఆముదం చెక్క. వేపచెక్క చేదుకు కుక్క ముట్టదు. ఆముదం చెక్క వాసన దానికి ఇష్టం, ఎముకల పొడి కలిపితే మరీ ఇష్టం. సరిగ్గా వేడి చేయని చెక్కలో రిసిన్ అనే విషం మిగిలి ఉంటుంది. ఈ ఎరువు తిని కుక్కలు చనిపోయిన కేసులు పశువైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. తిన్న కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు మొదలవుతాయి. పార్వోలాగే కనిపిస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు, తిన్నట్టు అనుమానం వచ్చిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్తేనే అవకాశం. బస్తా మూతి కట్టి అటక మీద పెట్టండి. చెట్ల పాదుల్లో వేస్తే మట్టిలో లోతుగా కలపండి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, బ్రహ్మాస్త్రంలో ఉమ్మెత్త ఆకు, దశపర్ణిలో కొందరు గన్నేరు ఆకు కూడా వేస్తారు. వడకట్టిన పిప్పిని గట్టు మీద కుప్ప పోసి వదిలేయొద్దు, గుంట తీసి పూడ్చండి. చేప బెల్లం ద్రావణం డ్రమ్ముకు గట్టి మూత ఉండాలి, గోనెపట్టా కడితే కుక్క లాగేస్తుంది.

ఆవు ఈనాక మావిని కుక్కకు వదిలేయడం ఇంకొకటి. కుక్క కడుపు పాడవడం ఒక్కటే కాదు. నియోస్పోరా అనే పరాన్నజీవి అలా కుక్కలోకి చేరి, దాని మలంతో గడ్డి మీద పడి, ఆవులు ఈసుకుపోవడానికి కారణమవుతుంది. మావిని లోతుగా పూడ్చాలి. కుక్క మలాన్ని కూడా కంపోస్టులో గానీ ఆకుకూరల మడి దగ్గర గానీ వేయకూడదు. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మట్టిలో ఆడుకునే పిల్లలకు అంటుకుని కంటిదాకా కూడా పోతాయి.

పార్వోకు వస్తే, టీకా ఒక్కటే దారి. 6 నుంచి 8 వారాల వయసులో మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా. ఒక్కటి వేయించాం కదా అని ఊరుకుంటే చాలదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా పట్టదు, అది ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ తేడా. అందుకే వరసగా వేస్తారు. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో ఆ వైరస్ ఏడాదికి పైగా నేలలో ఉంటుంది. బావగారింట్లో గచ్చును ముందు కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు ఉంచాం. పొలం నేల మీద అది పోయకండి, మట్టిలో పని చేయదు, మన సూక్ష్మజీవులు మాత్రం పోతాయి. జీవామృతం చల్లితే పోతుందా అని ఒకరు అడిగారు. జీవామృతం మట్టి కోసం, అది వైరస్ మందు కాదు. ఆ ఇంటికి మళ్లీ పిల్లను తేవాలంటే టీకాలన్నీ పూర్తయినదాన్నే తెచ్చుకోమని చెప్పాను. బావగారు ఇంకా తేలేదు, మా అక్కకు మనసు రావట్లేదట.

దూరం ఉన్నవాళ్ల కోసం ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం, కాబట్టి కుక్కపిల్ల అని ముందే చెప్పి అడగండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పిల్ల బరువు, టీకా పుస్తకం, మలం ఉన్న డబ్బా, చివరగా ఏం తిన్నదో ఆ వివరం, ఇవి తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

గంజి కాచేదీ, చిగుళ్లు చూసేదీ వీడియోలో రెండో సగంలో ఉన్నాయి. కామెంట్లో అడిగేటప్పుడు పిల్ల వయసు, బరువు, టీకా తేదీలు తప్పకుండా రాయండి. వాంతులో రక్తమో పడుతున్న పిల్ల అయితే నా జవాబు కోసం ఆగకండి, ముందు బండి తీయండి.