కంప్యూటరుకు వీసం తెలుసు, పది పైసలు తెలియవు

ముందు ఒక చిన్న లెక్క. 1953వ సంవత్సరం. గోదావరి ఒడ్డున ఉన్న ఖానాపూర్‌లో (అది అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది) ఒక రైతు పత్తి అమ్మాడనుకుందాం. చేతికి వంద రూపాయలు వచ్చాయి. కాని అవి హాలీ సిక్కా రూపాయలు, అంటే నిజాం నాటి హైదరాబాదు రూపాయలు. ఆ సొమ్మును బొంబాయిలో చదువుకుంటున్న కొడుక్కి పంపాలి. అక్కడ చెల్లేది భారత ప్రభుత్వ రూపాయి. దాన్ని మనవాళ్ళు కల్దార్ అనేవారు. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు, అదీ మారకం. హాలీ సిక్కా 1959 దాకా రద్దు కాలేదు గనుక ఈ మారకపు లెక్క మీ తాతగారి తరానికి బాగా పరిచయమే.

వంద హాలీకి ఎన్ని కల్దార్? ఏడింట ఆరు వంతులు. ఇంతేగదా అని జావా భాషలో ఒక వాక్యం రాద్దాం. ఇంట్, డబుల్ వంటి జావా మాటలను కంప్యూటరుకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వాలి. ఇక్కడ మాత్రం పలికినట్టు రాస్తున్నాను. మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉన్నా జావా ఒప్పుకుంటుంది.

డబుల్ కల్దార్ = 6 / 7 * 100;

జవాబు చూడండి: 0.0! వంద రూపాయలు తెచ్చిన రైతు చేతిలో కంప్యూటరు సున్నా పెట్టింది!

యంత్రం చెడిపోలేదు. జావాకు సంఖ్యలు రెండు ముఖ్యమైన రకాలు. చుక్క లేనివి పూర్ణసంఖ్యలు, వాటి రకం పేరు 'ఇంట్'. చుక్క ఉన్నవి దశాంశాలు, వాటి రకం 'డబుల్'. పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే జావా భాగఫలంలోని పూర్ణభాగాన్నే ఉంచుకొని మిగిలింది పారేస్తుంది. 6ను 7తో భాగిస్తే భాగఫలం 0, శేషం 6. ఆ సున్నాను వందతో హెచ్చించినా సున్నాయే. ఎడమ పక్కన 'డబుల్' అని రాశాం కదా అంటారేమో! ఆ మాట పనిచేసే వేళకు భాగహారం అయిపోయింది. పాలు ఒలికిపోయిన తర్వాత గిన్నె పెద్దది తెచ్చినట్టు.

దీనికి విరుగుడు సులువు. 6 / 7కి బదులు 6.0 / 7 అని రాయండి. రెండింటిలో ఒకదానికి చుక్క ఉంటే చాలు, జావా రెండో దాన్ని కూడా దశాంశంగా మార్చుకుంటుంది. సంఖ్యకు బదులు చలరాశి పేరు ఉంటే దాని ముందు కుండలీకరణాల్లో డబుల్ అని రాయాలి. (డబుల్) 6 / 7 సరైనది. (డబుల్) (6 / 7) అని రాస్తే మళ్ళీ సున్నాయే. ఎందుకో మీరే చెప్పగలరు.

ఇప్పుడు జవాబు 85.714285... అని వస్తుంది. బాగానే ఉంది. కాని అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలు.

ఒక పిల్లవాడు హుండీలో రోజుకు పది పైసలు వేస్తున్నాడు. రూపాయి నిండగానే ఆగాలి. మొత్తాన్ని 'డబుల్'లో ఉంచి, అది 1.0కి సమానం కానంత సేపు 0.1 కలుపుతూ పొమ్మని ప్రోగ్రాము రాయండి. అది ఎప్పటికీ ఆగదు! పదిసార్లు కలిపాక మొత్తం 0.9999999999999999 అవుతుంది. ఇది 1.0 కాదు గనుక కంప్యూటరు పదకొండోసారి కూడా కలిపి, రూపాయి దాటి పరుగెత్తుతూనే ఉంటుంది. అదే హుండీలో రోజుకు ఒక అణా, అంటే రూపాయిలో పదహారో వంతు, 0.0625 వేయించి చూడండి. సరిగ్గా పదహారోసారికి 1.0 వచ్చి ఠక్కున ఆగుతుంది.

అణా 1957 ఏప్రిల్ 1న మన నాణేల లెక్కలోంచి తప్పుకుంది. పైసా ఆ రోజునే 'నయా పైసా'గా వచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన కంప్యూటరుకు పాత అణా సరిగ్గా తెలిసి, కొత్త పైసా తెలియకపోవడం ఏమిటి?

తరాజు తీసుకోండి. మీ దగ్గరున్న రాళ్ళు ఇవే: అర కిలో, దాంట్లో సగం పావు కిలో, దాంట్లో సగం 125 గ్రాములు, ఆపైన 62.5, 31.25, 15.625, 7.8125, 3.90625, 1.953125... ప్రతిదీ ముందుదాంట్లో సగం. ఒక్కో రాయి ఒక్కటే ఉంది. ఈ రాళ్ళతో సరిగ్గా 100 గ్రాములు, అంటే కిలోలో పదో వంతు, తూచాలి.

మొదటి మూడు రాళ్ళు బరువెక్కువ, వద్దు. 62.5 వేయండి. 31.25 వేయండి. మొత్తం 93.75 అయింది. తర్వాతి రెండూ వేస్తే వంద దాటుతుంది, వద్దు. 3.90625, 1.953125 వేస్తే 99.609375. మళ్ళీ రెండు వద్దు, మళ్ళీ రెండు కావాలి. వేసిన రాయికి 1, వేయని రాయికి 0 రాస్తూ పోతే 0.000110011... అని సాగుతుంది. 0011 అనే ముక్క తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. మనం రాసే దశాంశాల్లో మూడో వంతు 0.333... అయి తెగనట్టే, సగాల లెక్కలో పదో వంతు తెగదు. పదిలో 5 అనే కారణాంకం ఉంది. ఎన్ని సగాలు చేసినా అయిదో వంతు దొరకదు.

కంప్యూటరు దగ్గరున్నవి ఈ సగాల రాళ్ళే. 'డబుల్'కు మొత్తం 64 బిట్లు. సంఖ్య విలువకు అందులో దక్కేవి 53 స్థానాలు, అంతటితో ఆపి దగ్గరి విలువకు సవరించుకోవాలి. ఈ ఏర్పాటు అన్ని యంత్రాల్లో ఒకే తీరుగా ఉండాలని 1985లో ఒక ప్రమాణం ఏర్పడింది. 1995లో వచ్చిన జావా ఆ ప్రమాణాన్నే స్వీకరించింది. ఈ పద్ధతిలో దాచిన 0.1 నిజమైన పదో వంతు కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది. హుండీలో తక్కువైందేమి మరి అంటే, కూడిన ప్రతిసారీ మొత్తాన్ని కూడా సవరించుకోవలసి వస్తుంది. ఆ సవరణలన్నీ కలిసి చివరికి కిందికి లాగాయి.

అర, పావు, అరపావు, వీసం (అంటే పదహారో వంతు, రూపాయిలో అణా) మాత్రం ఈ రాళ్ళకు కచ్చితంగా తూగుతాయి. మన పెద్దలు కూడా సగాలూ పావులతోనే లెక్కలు కట్టేవారు. పాత తెలుగు లెక్కల్లో నాలుగో వంతు, దాంట్లో నాలుగో వంతు అంటూ భిన్నాలు రాయడానికి ప్రత్యేకమైన అంకెలే ఉండేవి. 2008లో వాటికి యూనికోడ్‌లో చోటు దొరికింది. "వీసమెత్తు తేడా లేదు" అనే మాట కంప్యూటరుకు అక్షరాలా వర్తిస్తుందన్నమాట.

పదహారో స్థానంలో తేడా ఎవరికి పట్టింది అనకండి. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర అమెరికా సైనికుల స్థావరం మీదికి ఇరాక్ స్కడ్ క్షిపణి వచ్చింది. దాన్ని అడ్డుకోవలసిన పేట్రియాట్ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కిస్తుంది. ఆ పదో వంతును 24 బిట్లలో తెగ్గోసి ఉంచారు. ఒక్కోసారికి పోయేది సెకనులో కోటో వంతు కంటే తక్కువే. కాని యంత్రం వంద గంటలుగా ఆగకుండా నడుస్తోంది. 36 లక్షల పదో వంతులు! అన్నీ కలిసి దాదాపు 0.34 సెకను తేడా వచ్చింది. ఆ కాస్త సేపట్లో స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది. పేట్రియాట్ చూడవలసిన చోట చూడలేదు. 28 మంది సైనికులు చనిపోయారు. అది జావా ప్రోగ్రాము కాదు, జావా అప్పటికి రాలేదు. పదో వంతు మాత్రం ఇదే.

మరి డబ్బు లెక్కలు ఎలా రాయాలి? రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణసంఖ్యల్లో రాయడం నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి దారి. పది పైసల హుండీని 10, 20, 30 అని కూడితే సరిగ్గా 100 దగ్గర ఆగుతుంది. దశాంశాన్ని పైసల్లోకి మార్చేటప్పుడు జాగ్రత్త. 0.29ను 100తో హెచ్చిస్తే 28.999999999999996 వస్తుంది. దాన్ని 'ఇంట్'గా మారిస్తే తోక తెగి 28 మిగులుతుంది. ఒక పైసా గల్లంతు! ముందు మ్యాథ్.రౌండ్ చేత దగ్గరి పూర్ణసంఖ్యకు సవరింపజేస్తే 29 వస్తుంది. దశాంశాలే కావాలంటే జావాలో బిగ్‌డెసిమల్ అనే సాధనం ఉంది. దానికి 0.1ను కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా ఇవ్వండి. ఊరికే ఇస్తే డబుల్‌లోని తప్పును యథాతథంగా దిగుమతి చేసుకుంటుంది.

మన రైతు ఇంకా నిలబడే ఉన్నాడు. 600లో ఏడో వంతు బిగ్‌డెసిమల్‌కు కూడా తెగదు. ఎన్ని స్థానాలకు ఆపాలో చెప్పకుండా భాగించమంటే అది తప్పు చూపి ఆగిపోతుంది. షావుకారు ఎలా చేసేవాడు? రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. వంద రూపాయలంటే 19200 పైలు. 6తో హెచ్చించి 7తో భాగిస్తే 16457, శేషం 1. 16457ను 192తో భాగిస్తే 85 రూపాయలు, శేషం 137. దాన్ని 12తో భాగిస్తే 11 అణాలు, శేషం 5 పైలు. మొదట మనల్ని మోసగించిన పూర్ణసంఖ్యల భాగహారమే ఇక్కడ పనికొచ్చింది చూశారా! జావాలో భాగఫలానికి గీత గుర్తు /, శేషానికి శాతం గుర్తు %. రెండూ పక్కపక్కన వాడితే షావుకారు లెక్క మూడు వరుసల్లో అయిపోతుంది.

మరొక దారి, మీ లెక్కల పుస్తకంలోదే. భాగించకుండా భిన్నాన్ని భిన్నంగానే ఉంచడం. లవం ఒక పూర్ణసంఖ్య, హారం ఒక పూర్ణసంఖ్య. హెచ్చించాలంటే లవాలను లవాలతో, హారాలను హారాలతో. కూడాలంటే అడ్డగుణకారం. వచ్చినదాన్ని గ.సా.భా.తో భాగించి కుదించాలి. గ.సా.భా. కనుక్కోవడం యూక్లిడ్ పద్ధతిలో తేలిక: పెద్దదాన్ని చిన్నదానితో భాగించి శేషం తీసుకోండి, ఇప్పుడు చిన్నదాన్ని ఆ శేషంతో భాగించండి, శేషం సున్నా అయ్యేదాకా ఇంతే. చివరిగా భాగించిన సంఖ్యే గ.సా.భా. హారాలు త్వరగా పెరిగిపోతాయి, 'ఇంట్' 2147483647 దాటి పట్టదు. అంచేత 'లాంగ్' వాడండి.

ఇప్పుడు రెండు ప్రోగ్రాములూ రాసి ఒక పని చేయించండి. బొంబాయి ప్రయాణం మానుకున్న రైతు తన కల్దార్లను మళ్ళీ హాలీలోకి మార్చుకున్నాడు. భిన్నాల ప్రోగ్రాములో 600/7ను 7/6తో హెచ్చిస్తే 4200/42, కుదిస్తే సరిగ్గా 100. పైల ప్రోగ్రాములో 16457ను 7తో హెచ్చించి 6తో భాగించండి. 19199 వస్తుంది. అంటే 99 రూపాయల 15 అణాల 11 పైలు. ఒక పై తగ్గింది. ఆ పై ఎక్కడ మిగిలిందో, ఇలాంటి బేరాలు రోజుకు వంద చేసే షావుకారుకు ఏడాదికి ఎంత తేలుతుందో ప్రోగ్రాము చేతనే కట్టించండి.