ముంగిస రక్తం ఏం చెబుతుంది?

పామర్రు చుట్టూ పంట కాలువలు. కాలువల కింద వరిచేలు. చేలగట్లలో ఎలుకల బొరియలు. ఆ ఎలుకల కోసం ముంగిసలు, నక్కలు తిరుగుతుంటాయి. ఇవి మాంసం తినే జంతువులు.

ఎలుక మూత్రంలో ఒక క్రిమి ఉండొచ్చు. దాని పేరు లెప్టోస్పైరా. ఇదొక బాక్టీరియా. కంటికి కనపడదు. 1915లో జపాను శాస్త్రజ్ఞులు దీన్ని కనిపెట్టారు. ఎలుక మూత్రం చేలోని నీళ్ళలో కలుస్తుంది. కాళ్ళకు పుండ్లు, పగుళ్ళు ఉంటే క్రిమి వాటిలోంచి ఒంట్లోకి పోతుంది. అలా వచ్చేదే ఎలుక జ్వరం.

ఎలుకలను తినే ముంగిసకూ ఈ క్రిమి సోకవచ్చు. కాని చాలాసార్లు అది మామూలుగానే తిరుగుతుంది. మరి తెలిసేదెలా?

ముంగిసను బోనులో పట్టి మత్తుమందు ఇస్తారు. కొంచెం రక్తం, మూత్రం తీసి వదిలేస్తారు. పెద్ద జంతువులకూ మత్తు ఇవ్వాల్సిందే. 2021లో హైదరాబాదు జూలో 8 సింహాలకు కరోనా సోకింది. అప్పుడూ మత్తు ఇచ్చే ముక్కు, గొంతుల్లోంచి నమూనాలు తీశారు.

రక్తం గడ్డకట్టాక పైన నీరు తేరుతుంది. ఆ నీటిని బతికున్న క్రిములతో కలిపి మైక్రోస్కోపులో చూస్తారు. క్రిములు గుంపుగా అతుక్కుంటే, ఆ జంతువుకు ఈ క్రిమి ఎప్పుడో సోకిందని అర్థం. ఇప్పుడు క్రిమి బయటికి వస్తోందా? అది మూత్ర పరీక్షలో తెలుస్తుంది. క్రిమి ఉందంటే ఆ చుట్టుపక్కల నీళ్ళలో దిగేవాళ్ళు జాగ్రత్తపడాలి.

అలాగని ముంగిసను చంపకూడదు. అది ఎలుకలను తిని మనకు మేలు చేస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా.

మనుషులకూ ఇలాంటి రక్త పరీక్షే ఉంది. అయితే జ్వరం వచ్చిన మొదటి వారంలో అందులో జబ్బు బయటపడకపోవచ్చు. అందుకే డాక్టరుకు మనం చెప్పే మాట ముఖ్యం.

నాట్లకో, కలుపుకో వెళ్ళొచ్చాక జ్వరం వచ్చిందా? తలనొప్పి, పిక్కల నొప్పులు ఉన్నాయా? కళ్ళు ఎర్రబడ్డాయా? ఆలస్యం చేయొద్దు. ఆసుపత్రికి వెళ్ళాలి. "నీళ్ళలో దిగి పని చేశానండీ" అని తప్పకుండా చెప్పాలి. మొదట్లోనే మందులు వాడితే జబ్బు నయమవుతుంది. ముదిరితే కామెర్లు వస్తాయి. మూత్రపిండాలు చెడతాయి. ప్రాణానికే ముప్పు.

కాలికి పుండు ఉంటే నీళ్ళు తగలకుండా కట్టు కట్టుకోవాలి. చేలోంచి రాగానే సబ్బుతో కాళ్ళు కడుక్కోవాలి. ఒక్క మాట, ఒక్క కట్టు నిండు ప్రాణం కాపాడతాయి.