క్యాప్ కింద పగులు: స్కాన్ చూపేదెంత?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన మనవాళ్లు చాలామంది రూట్ కెనాల్, క్యాప్ పనులు ఇండియా ప్రయాణంలోనే పెట్టుకుంటారు. కారణం డబ్బే. 1984లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మొదలైననాటి నుంచీ పెద్దల పళ్ల వైద్యం చాలావరకు దాని బయటే ఉండిపోయింది. కొన్నేళ్లు బాగానే ఉన్న పన్ను ఉన్నట్టుండి నమిలితే కలుక్కుమంటుంది, చిగురు మీద చిన్న చీముపొక్కు లేస్తుంది. వేరు పగిలిందేమో, స్కాన్ తీయిద్దామంటారు ఆస్ట్రేలియాలోని డెంటిస్ట్. తీస్తే తేలిపోతుందని మనం అనుకుంటాం. తేలకపోవచ్చు.

మామూలు ఎక్స్‌రేకు ఉన్న చిక్కు కోణం. తలుపు చెక్కల సందులోంచి అవతలి వెలుగు కనబడాలంటే సరిగ్గా ఎదురుగా నిలబడాలి. ఎక్స్‌రే కిరణమూ అంతే. చీలిక వాటానికి నాలుగైదు డిగ్రీలు పక్కకు తప్పితే గీత మాయమవుతుంది. పైగా చీలిక చాలాసార్లు వేరు కాలువ గోడ దగ్గరే మొదలవుతుంది, అక్కడ నింపిన గట్టా పెర్చా తెల్లగా అడ్డుపడుతుంది.

1990ల చివర్లో ఇటలీ, జపాన్‌లలో రూపుదిద్దుకున్న కోన్ బీమ్ సీటీ కోణం బాధ తీర్చింది, పంటిని ఎటునుంచైనా కోసి చూపుతుంది. కానీ దాని బొమ్మలో ఒక్కో గడి దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. అంతకన్నా సన్నని చీలిక అందులో కలిసిపోతుంది. లోపల మెటల్ పోస్ట్ ఉంటే ఇబ్బంది రెండింతలు. లోహమూ, గట్టా పెర్చాలోని జింక్ ఆక్సైడ్, బేరియం సల్ఫేటూ కిరణాలను మింగేసి చుట్టూ నల్లచారలు పుట్టిస్తాయి. అవి అచ్చం పగుళ్లలాగే ఉంటాయి. అంటే ఉన్న పగులు కనబడకపోవచ్చు, లేని పగులు కనబడనూవచ్చు.

అందుకే అనుభవమున్న ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ నిపుణులు) గీత కన్నా ఎముకనే ఎక్కువ నమ్ముతారు. పగులులోంచి సూక్ష్మక్రిములు పాకి వేరు పక్కన ఎముకను తినేస్తాయి. ఎక్స్‌రేలో అది వేరు కొనను చుట్టి ఒక పక్కగా పైకి పాకిన నల్లని నీడలా కనిపిస్తుంది. చిగురు సందులో కొలతపుల్ల పెడితే చుట్టూ రెండుమూడు మిల్లీమీటర్లే దిగేది, ఒక్కచోట మాత్రం సన్నగా, లోతుగా జారిపోతుంది. ఈ రెండూ కలిస్తే అనుమానం బలమే. మొండి ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాంటి నీడే వేస్తుంది కాబట్టి రుజువు మాత్రం కాదు. ఖాయంగా తేల్చాలంటే చిగురు తెరిచి, మిథిలీన్ బ్లూ రంగు పూసి, మైక్రోస్కోపులో కళ్లారా చూడాల్సిందే.

రేడియేషన్ భయం కొందరిది. ఆస్ట్రేలియాలో మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి సగటున 1.7 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతుంది. ఒకటి రెండు పళ్లకే పరిమితమైన స్కాన్‌లో అందేది అందులో చిన్న భాగం. అయినా ‘ఈ స్కాన్ వల్ల వైద్యం మారుతుందా?’ అని అడగడం మీ హక్కు.

పగిలిన ఒంటివేరు పన్నును చాలావరకు తీసేయాల్సిందే. రెండు మూడు వేర్ల దవడపన్నయితే పగిలిన వేరు ఒక్కటే తీసి మిగతాది నిలబెట్టే వీలు ఒక్కోసారి ఉంటుంది. కాబట్టి స్కాన్‌లో ఒక గీత చూసి పీకించుకునే ముందు ఎముక నీడ, పుల్ల లోతు ఏం చెబుతున్నాయో అడగండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రూట్ కెనాల్ చేయించినప్పటి ఎక్స్‌రేలు ఫోన్‌లో ఉంటే చూపించండి. ఆ ఎముక అప్పుడెలా ఉండేదో ఆస్ట్రేలియాలోని డాక్టరుకు తెలిసే దారి అదొక్కటే.