బోరుయంత్రముచే రాయి పగులు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో చాలచోట్ల మన్నుక్రింద గ్రానైటు జాతి గట్టిరాయి గలదు. బోరుయంత్రము దీనిని కత్తివలె కోయదు. గాలి యొత్తిడిచే సుత్తి కొట్టగా, బిట్టు మొగమునందలి టంగ్‌స్టన్ కార్బైడు బొత్తాములు తమ క్రింది రాతిని పిండిచేయును. ఆ పిండి ప్రక్కల కొత్తుకొనుటచే చుట్టును బీటలు పాఱి పెచ్చులు లేచును. గ్రానైటు నొక్కుడున కెంత యోర్చునో, లాగుడునకు అందు పదియవవంతు మించి యోర్చుట యరుదు. చీలలు దిగగొట్టి బండను చీల్చు రాతిపనివారు ఎఱిగిన కీలకమే యిది. బొత్తాములు అరిగినచో బిట్టు రాతిని రాచును గాని పగులగొట్టదు. రైతు దానిని ముందుగా చూచుకొనుట మేలు.

సుత్తివేటు బీటలు అంగుళమైనను సాగవు. నీటిని దెచ్చునవి రాతిలో పూర్వమునుండి యున్న పగుళ్లే. అవి తగులని యెండురాతిలో అడుగులు పెంచిన ఖర్చు పెరుగును గాని నీరు పెరుగదు. రాడ్డు ఒక్కసారిగా త్వరగా దిగినను, ఎండుపొడికి మాఱుగా చెమ్మగల, రంగు మాఱిన పెచ్చులు వచ్చినను ఆ లోతును వ్రాసియుంచవలయును. పంపు దింపునపుడు ఆ లెక్క అక్కఱకు వచ్చును.